నాయకత్వం పోయినా ఆట వదలని నాయకుడు

దువ్వాడలో ఆదివారం ఉదయం మా సంఘం ఆరాధనకు కూడుకునే వేళకే దగ్గరలోని మైదానంలో పిల్లల ఆట మొదలవుతుంది. మేము ప్రార్థన కోసం కళ్లు మూసుకుంటే, అవతలి నుంచి ఔట్, ఔట్ అన్న కేకలు వినిపిస్తాయి. ఒకప్పుడు ఆ కేకలంటే మాకు చికాకుగా ఉండేది. ఆటలు యౌవనస్థులను మందిరానికి దూరం చేస్తాయని చాలా ఏళ్లు ప్రసంగించాం కూడా! ఆ అభిప్రాయాన్ని మార్చుకోవలసి వచ్చిన సందర్భం ఒకటి ఈ మధ్య ఎదురైంది.

మా సంఘంలో ఇరవై ఏళ్ల యువకుడొకడున్నాడు. పొడగరి. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో అందరికంటే ముందుండేవాడు. పై జట్టుకు ఎంపికవుతాననీ, ఆ తర్వాత ఆటే తనకు జీవనాధారమవుతుందనీ ఆశపడ్డాడు. తీరా ఎంపిక జాబితాలో అతని పేరు లేదు. అతని కంటే తక్కువ ఆడినవారి పేర్లు ఉన్నాయి. రెండు నెలలు బంతి ముట్టలేదు, మందిరానికీ రాలేదు. తల్లి కన్నీళ్లు చూడలేక మేము వాళ్లింటికి వెళ్లాం. అంతా దేవుని చిత్తం బాబూ, ఊరుకో అన్నాం. అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అన్యాయం చేసింది మనుషులైతే దేవుని మీద పెడతారేంటి అయ్యగారూ అని అడిగాడు. వేదాంత కళాశాలలో చదివిన చదువూ, ముప్ఫై ఏళ్ల సేవానుభవమూ ఆ క్షణంలో మాకు అక్కరకు రాలేదు. జవాబు చెప్పకుండానే లేచి వచ్చేశాం.

ఇంటికి వచ్చాక, ఆటలో అన్యాయం ఎదురైనా ఆట విడవని మనిషి మన తెలుగువారిలో ఎవరైనా ఉన్నారా అని ఆలోచిస్తే ఒక పేరు గుర్తుకొచ్చింది. కొఠారి కనకయ్య నాయుడు. లోకమంతటికీ ఆయన సి.కె. నాయుడు, భారత క్రికెట్ జట్టు మొట్టమొదటి టెస్టు కెప్టెన్. ఆయన మన విశ్వాసం పంచుకున్నవాడు కాదు. అయినా మంచి వర్షాన్నీ ఎండనూ అందరి పొలాల మీదా కురిపించే దేవుడు, సామర్థ్యాలను కూడా ఒక్క మందిరం గోడల లోపలే పంచిపెట్టడు కదా! నేర్చుకోవలసింది ఎవరి జీవితంలో ఉన్నా వినయంతో నేర్చుకోవడమే విశ్వాసి లక్షణం.

నాయుడు 1895 అక్టోబర్ 31న నాగపూర్‌లో పుట్టారు. పూర్వికులది మన మచిలీపట్నం. బతుకుదెరువు వెంట ఉత్తరాదికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబం. తాత నారాయణస్వామి నాయుడు పేరున్న వకీలు, భూస్వామి. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో చదివిన న్యాయవాది. కలిగిన ఇంటి బిడ్డే. కాని బ్యాటు పట్టుకుంటే తాత ఆస్తి పరుగులు తీసిపెట్టదు కదా! చిన్ననాడే బడి జట్టులోకి వచ్చిన ఆ పిల్లవాడు నాగపూర్ మైదానాల్లో ఏళ్ల తరబడి చెమటోడ్చాడు. తగిన పెద్ద వేదిక మీదికి పిలుపు వచ్చేసరికి ఆయనకు ఇరవై నిండాయి.

ఆ వేదిక బొంబాయిలో జరిగే క్వాడ్రాంగ్యులర్ పోటీ. ఇది తెలుసుకుంటే ఈనాటి మనకు ఆశ్చర్యం కలుగుతుంది. అందులో జట్లు ఊళ్లవారీగా కాదు, మతాలవారీగా ఉండేవి! యూరోపియన్లది ఒక జట్టు, పార్సీలది ఒకటి, హిందువులది ఒకటి, ముస్లిములది మరొకటి. 1916లో నాయుడు హిందూ జట్టు తరఫున యూరోపియన్లపై బరిలోకి దిగారు. అప్పటికే ఏడు వికెట్లు పడిపోయాయి. జట్టు స్కోరు 79. కుర్రవాడు మొదటి మూడు బంతులనూ ఓపికగా అడ్డుకున్నాడు. నాలుగో బంతిని సిక్సర్ కొట్టాడు. ఆ పెద్ద పోటీల్లో ఆయన చేసిన మొదటి పరుగులు అవే. ముందు మూడు బంతుల ఓర్పు, తర్వాతే ఆ ఒక్క దెబ్బ. ఓర్పును మరచి సిక్సర్‌నే గుర్తుంచుకోవడం మన బలహీనత!

ఆ రోజుల్లో హిందూ జట్టులోనే మరో కథ నడుస్తోంది. దాన్ని మా సంఘంలాంటి సంఘాలు తప్పక తెలుసుకోవాలి. పల్వంకర్ బాలూ అనే గొప్ప స్పిన్ బౌలర్, ఆయన తమ్ముళ్లు శివరాం, విఠల్, గణపత్ ఆ జట్టుకు ప్రాణం. వారిది అంటరానివారని ఊరు దూరం పెట్టిన కులం. పూనాలో బాలూ మైదానం బాగుచేసే పనివాడిగా మొదలయ్యాడు. ఆటలో అతని బంతిని పట్టుకున్న చేతులే, విరామంలో అతనికి వేరే కప్పులో టీ పోయించాయి. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన జట్టులో వందకు పైగా వికెట్లు తీసినా, హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఆయనకు దక్కలేదు. 1920లో ఆ అన్యాయాన్ని సహించలేక ఆ సోదరులు జట్టు నుంచి తప్పుకొని నిరసన చెప్పారు. చివరికి 1923లో తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడు ఫైనల్లో యూరోపియన్లను ఓడించాక జనం విఠల్‌ను భుజాల మీద మోశారు. సి.కె. నాయుడు ఆ విఠల్ నాయకత్వంలో ఆడినవారే. ప్రతిభకు తలవంచడం ఆ తరం ఆటగాళ్లు అలా కొంతకొంతగా నేర్చుకున్నారు.

అదే 1923లో ఇండోర్ మహారాజు తుకోజీరావు హోల్కర్ నాయుడిని పిలిపించి, తన సైన్యంలో కెప్టెన్ పదవి ఇచ్చి తన రాజ్యంలోనే ఉంచుకున్నారు. ఈనాటిలాగా వేలంపాటలు, కాంట్రాక్టులు, లీగులు అప్పట్లో లేవు. ఆటగాడు ఆటనే నమ్ముకొని బతకాలంటే ఒక రాజుగారి ఆదరణే దారి. ఆ సైనిక హోదాయే తర్వాత పెరిగి ఆయన పేరు ముందు కల్నల్ అయింది. 1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనకు ఆయన తన పేరు ఇచ్చారు. మన దేశంలో ఒక వస్తువుకు ప్రచారం చేసిన మొదటి క్రికెటర్ ఆయనేనంటారు. ఈనాటి ఆటగాళ్లు నడుస్తున్న రహదారికి మొదటి గండశిలలు తొలగించింది ఇలాంటివాళ్లే.

ఇక 1926వ సంవత్సరానికి వద్దాం. ఆర్థర్ గిలిగన్ నాయకత్వంలో ఇంగ్లండ్ నుంచి ఎంసీసీ జట్టు వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందూ జట్టుతో ఆట. ఆ క్లబ్బులో భారతీయులకు సభ్యత్వం లేదు. మైదానంలో ఆడవచ్చు గాని క్లబ్బు భవనంలో సభ్యుడిగా అడుగుపెట్టే హక్కు లేదు! మొదట ఎంసీసీ ఆటగాడు గై ఎర్ల్ సిక్సర్ల మీద సిక్సర్లు కొట్టి 130 పరుగులు చేశాడు. డిసెంబర్ 1న నాయుడు బ్యాటుతో జవాబు చెప్పారు. రెండు గంటలైనా గడవకముందే 153 పరుగులు, వాటిలో 11 సిక్సర్లు! వార్త నగరమంతా పాకింది. ఆఫీసులు, దుకాణాలు వదిలి జనం పరుగెత్తుకొచ్చారు. చెట్లెక్కారు, మేడలెక్కారు. ఎంసీసీవారే ముచ్చటపడి ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. తెల్లవాడితో సమానంగా నిలబడగలమన్న ధైర్యం ఆ మధ్యాహ్నం ఎందరికో కలిగింది. రెండేళ్ల తర్వాత, 1928 డిసెంబర్‌లో భారత క్రికెట్ బోర్డు ఏర్పడింది. 1932లో టెస్టు హోదా వచ్చింది.

ఆ 1932 ఇంగ్లండ్ పర్యటనకు బోర్డు నియమించిన కెప్టెన్ నాయుడు కాదు, పోరుబందర్ మహారాజు. వైస్ కెప్టెన్ లింబ్డి రాజకుటుంబీకుడు. కెప్టెన్ అంటే రాజవంశీకుడే కావాలన్నది నాటి ఆలోచన. అయితే పోరుబందర్ మహారాజు ఒక మంచి పని చేశారు. తన ఆట ఏపాటిదో తనకు తెలుసు. నాలుగు మ్యాచ్‌లు ఆడి పక్కకు తప్పుకున్నారు. వైస్ కెప్టెన్‌కు గాయమైంది. అలా 1932 జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టుకు నాయకత్వం మన తెలుగుబిడ్డకు దక్కింది. జట్టులో కొందరికి ఆయన నాయకత్వం రుచించలేదు. అయినా ఆట మొదలైన కాసేపటికే ఇంగ్లండ్ 19 పరుగులకు 3 వికెట్లు కోల్పోయింది! క్యాచ్ పట్టబోయి నాయుడి చెయ్యి బాగా దెబ్బతింది. ఆ చేత్తోనే బ్యాటింగ్ చేసి 40 పరుగులు తీశారు. మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అదే అత్యధిక స్కోరు. 158 పరుగుల తేడాతో మనం ఓడిపోయాం. కాని గౌరవం మాత్రం ఓడలేదు. ఆ పర్యటనలో నాయుడు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 1618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు. 32 సిక్సర్లు కొట్టారు. మరుసటి ఏడు ఇంగ్లండ్ వారి విజ్డెన్ పుస్తకం ఆయనను ఏటా ఎంచే ఐదుగురు మేటి ఆటగాళ్లలో ఒకరిగా ప్రకటించింది. అప్పటికి ఆయన వయసు 37!

1933-34లో ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే కెప్టెన్. బొంబాయి టెస్టులో లాలా అమర్‌నాథ్ భారతదేశపు తొలి టెస్టు సెంచరీ చేస్తుంటే, అవతలి కొనలో అండగా నిలిచింది నాయుడే. ఇద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. ఎదుటివాడి ఘనతకు ఆసరాగా నిలవడం కూడా నాయకత్వమే.

ఇప్పుడు మా కుర్రవాడి ప్రశ్నకు సంబంధించిన ఘట్టానికి వచ్చాం. ఇందులో మన విశాఖ ప్రాంతానికీ భాగం ఉంది. 1936 ఇంగ్లండ్ పర్యటనకు కెప్టెన్‌గా విజయనగరం రాజకుమారుడు విజయానంద గజపతిరాజు ఎంపికయ్యారు. క్రికెట్ లోకంలో ఆయనను విజ్జీ అంటారు. తర్వాతి కాలంలో మన విశాఖపట్నానికి పార్లమెంటు సభ్యుడు కూడా అయ్యారు. క్రికెట్ మీద ఆయనకున్న ప్రేమను, ఆట కోసం ఆయన ఖర్చుపెట్టిన ధనాన్ని మనం తక్కువ చేయకూడదు. కాని కెప్టెన్ పదవి ఆయనకు వచ్చింది ఆటవల్ల కాదు, పలుకుబడివల్ల. ఆ మూడు టెస్టుల్లో ఆయన చేసినవి మొత్తం 33 పరుగులు. జట్టు రెండు ముఠాలుగా చీలింది. అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపించేశారు. నాయుడిని అవమానించినవారికి జట్టులో ఆదరణ దొరికిందని కూడా చెప్పుకొనేవారు.

ఆలోచించండి. నిన్నటిదాకా కెప్టెన్. దేశంలో ఆయనను మించిన ఆటగాడు లేడు. నలభై ఏళ్ల వయసు. తన కంటే పదేళ్లు చిన్నవాడు, తనతో ఏ విధంగానూ సరితూగనివాడు చెప్పినట్టు వినాలి. మనమైతే ఏం చేసేవాళ్లం? సంఘంలో పెద్దరికం పోతే వేరే సంఘం వెదుక్కునేవాళ్లం, క్వయర్‌లో ముందువరుస పోతే పాడటమే మానేసేవాళ్లం మనలో ఎందరు లేరు! నాయుడు మానలేదు. మూడు టెస్టులూ ఆడారు. ఓవల్ మైదానంలో జరిగిన చివరి టెస్టులో ఇంగ్లండ్ కెప్టెన్ అలెన్ వేసిన బంతి ఒంటికి బలంగా తగిలింది. నొప్పితోనే నిలబడి 81 పరుగులు చేశారు. ఆయన టెస్టు జీవితంలో అదే అత్యధిక స్కోరు, అదే ఆఖరి టెస్టు. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. అంకెలు చిన్నవే. కాని తనను అవమానించిన జట్టు కోసమే దెబ్బ తిని నిలబడ్డ ఆ 81 పరుగులను ఏ త్రాసులో తూచగలం?

అలాగని నాయుడు దోషం లేని మనిషని మేము చెప్పడం లేదు. ఆయన చాలా కఠినుడు. గాయమైందని ఎవరైనా మూలిగితే ఒప్పుకునేవారు కాదు. ఆ బిగువు కొందరిని దూరం చేసింది. నాయకులందరూ, మాలాంటి కాపరులతో సహా, ఆలోచించుకోవలసిన విషయమది. అయితే ఇతరులకు పెట్టిన నియమాన్ని ముందు తాను పాటించారు. యాభై ఏళ్లు దాటాక బొంబాయి జట్టుతో ఆడుతుండగా ఫడ్కర్ వేసిన బంతి నోటికి తగిలి పళ్లు రాలాయి. వాటిని పక్కకు నెట్టి మళ్లీ బ్యాటు పట్టారు!

టెస్టులు ముగిశాక ఆయన చేసిన పని ఇంకా గొప్పది. హోల్కర్ జట్టును తొమ్మిదేళ్లలో ఎనిమిదిసార్లు రంజీ ఫైనల్‌కు నడిపించి నాలుగుసార్లు గెలిపించారు. 1945-46లో యాభై ఏళ్ల వయసులో బరోడా మీద 200 పరుగులు కొట్టారు. మరుసటి ఏడాది ఫైనల్లో అదే బరోడా బదులు తీర్చుకుంది. విజయ్ హజారే, గుల్ మహమ్మద్ కలిసి 577 పరుగులు జోడిస్తుంటే, యాభై ఒకటో ఏట నాయుడు ఎండలో నిలబడి ఫీల్డింగ్ చేయించారు. హోల్కర్ చిత్తుగా ఓడింది. అయినా మరుసటి ఏడు మళ్లీ వచ్చి ట్రోఫీ గెలిచారు. ఆ హజారే ప్రొటెస్టెంట్ క్రైస్తవుడు. మతాలవారీ పోటీల్లో 1937 నుంచి చేరిన ఐదో జట్టులో, అంటే క్రైస్తవులు మొదలైన మిగిలినవారికి కేటాయించిన జట్టులో ఆడినవాడు. గాంధీజీ వంటివారు వ్యతిరేకించిన ఆ పోటీలు 1946తో ఆగిపోయాయి. ఆగడమే మంచిదైంది. ఇండోర్ వీధుల్లో ఆడుకునే ముస్తాక్ అలీ అనే ముస్లిం బాలుడి ప్రతిభను మొదట గుర్తించి చేరదీసింది హిందూ జట్టుకు ఆడిన ఈ నాయుడే. ఆ బాలుడే 1936లో మాంచెస్టర్‌లో, విదేశీ గడ్డ మీద భారతదేశపు తొలి టెస్టు సెంచరీ కొట్టాడు. మతం గీసిన గీతలను మంచి గురువు చెరిపేస్తాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

1953 అక్టోబర్ 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆ సీజన్‌లోనే ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో అడుగుపెట్టింది. ఆ పసికూన జట్టుకు కెప్టెన్ ఎవరో తెలుసా? 58 ఏళ్ల సి.కె. నాయుడు! లార్డ్స్‌లో దేశాన్ని నడిపించిన మనిషి, పూర్వికుల గడ్డ పిలిస్తే కొత్త కుర్రాళ్లతో కలిసి ఆడటానికి చిన్నతనం అనుకోలేదు. ఆ తర్వాత 1956-57లో ఉత్తరప్రదేశ్‌కు ఆడారు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. చివరిగా 68 ఏళ్ల వయసులో, ఒక సహాయనిధి మ్యాచ్ కోసం తాను పుట్టిన నాగపూర్‌లో బ్యాటు పట్టారు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో కన్నుమూశారు. భారత క్రికెట్ బోర్డు జీవిత సాఫల్యానికి ఇచ్చే అత్యున్నత పురస్కారం ఈ రోజుకీ ఆయన పేరు మీదే ఉంది.

ప్రియులారా, అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో, తొమ్మిదో అధ్యాయంలో, పరుగు పందెం గురించీ ముష్టియోధుల గురించీ రాశాడు. కొరింథు దగ్గర జరిగే ఆటల్లో గెలిచినవారికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. వాడిపోయే కిరీటం కోసమే మనుషులు అంతగా తమ్మును తాము అదుపులో ఉంచుకుంటే, వాడిపోని కిరీటం కోసం పరుగెత్తేవారు ఎంత నిష్ఠగా ఉండాలన్నదే ఆయన వాదన. ఆటను పౌలు చిన్నచూపు చూడలేదు. మేమే చూశాం. మా కుర్రవాడు ఆడే బాస్కెట్‌బాల్‌నే తీసుకోండి. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంతం చదువుకున్నవాడు, వైఎంసీఏ బడిలో వ్యాయామం నేర్పినవాడు! ఇది తెలిసి కూడా మేము ఆటలను ఇన్నాళ్లు మందిరానికి శత్రువులుగా చూశాం. ఆ తప్పును ఇక్కడ ఒప్పుకుంటున్నాం.

మేము మళ్లీ ఆ ఇంటికి వెళ్లాం. ఈసారి దేవుని చిత్తం అన్న మాట ఎత్తలేదు. జరిగింది అన్యాయమేనని ముందు ఒప్పుకున్నాం. మనుషులు చేసిన అన్యాయాన్ని దేవునికి అంటగట్టడం మా తొందరపాటని చెప్పి, క్షమించమని అడిగాం. ఆ తర్వాత నాయుడి కథ చెప్పాం. జాబితా రాసే కలం ఎప్పుడూ వేరేవాళ్ల చేతిలోనే ఉంటుంది, ఆడే చెయ్యి మాత్రం నీది, దాన్ని ఎవరూ తీసుకోలేరు అన్నాం. అతను ఏమీ మాట్లాడలేదు. ఈసారి ముఖం మాత్రం తిప్పుకోలేదు.

మొన్న సాయంత్రం కూటం ముగించుకొని వస్తుంటే, మైదానం మూలనున్న బాస్కెట్ కింద నలుగురైదుగురు చిన్నపిల్లలు కనిపించారు. వాళ్ల మధ్య ఒక పొడగరి, బంతిని ఎలా పట్టుకోవాలో చూపిస్తున్నాడు. మేము దగ్గరికి వెళ్లలేదు, పలకరించలేదు. చీకటి పడేదాకా దూరం నుంచి చూసి, దేవునికి వందనాలు చెప్పుకొని ఇంటికి వచ్చాం.